సలోమా పక్కన ఖాళీ

నేను చెప్పే మాటల్లో మూడొంతులు నమ్మకూడదని మా వాడలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఒంటారియోలో మా కానెస్టోగో ఏటి ఒడ్డున గాలి ఎంత జోరంటే, ఒకసారి నా టోపీ ఎగరేసుకుపోయి, మర్నాడు ఎదురుగాలి దాన్ని మళ్ళీ తెచ్చి మా గుమ్మంలోనే పడేసింది. పెట్టుకుని చూస్తే బిగుతు. దారిలో ఎవడో తడిపాడు. ఇలాంటివి నా దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయి. నూర్పిళ్ళ రోజుల్లో భోజనాల దగ్గర నేను గొంతు సవరించుకుంటే జనం నమలడం ఆపేవాళ్ళు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో మాత్రం ఒకే ఒక్క అబద్ధం ఉంది. అది వచ్చినప్పుడు నేనే చెబుతాను.

ఆ ఏడు మంచు కరిగే వేళకి మా క్రైస్తవ సంఘం రెండుగా చీలింది. కార్ల మీద చీలింది. మేము గుర్రబ్బండ్ల మీదే ఉండిపోయినవాళ్ళం. వాళ్ళు కారు కొనుక్కుంటే తప్పులేదన్నారు. అన్నవాళ్ళు ఊరికే అనలేదు పాపం, తళుకు మనిషి మనసు చెడగొడుతుందని కారుకి మెరిసే చోటల్లా నల్లరంగు పూశారు. జనాన్ని పంచుకున్నాం గానీ మందిరాన్ని పంచుకోవడం కుదర్లేదు. ఉన్నది ఒక్కటే. అందుకని ఒక ఆదివారం మాది, మరుసటి ఆదివారం వాళ్ళది అనుకున్నాం. అవే గోడలు, అవే బెంచీలు, అవే కీర్తనల పుస్తకాలు. ఇంతకుముందు రెండు వారాలకొకసారే కూడేవాళ్ళం, దేవుడికి నడుమ ఒక ఆదివారం సెలవుండేది, ఇప్పుడది కూడా పోయింది అని నేనంటే మా బిషప్పు లియాండర్ నవ్వలేదు.

సలోమా నా భార్య. లిడియాన్ ఆమె చెల్లెలు. ఇద్దరూ ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నారు. మా మందిరంలో ఆడవాళ్ళు బాప్తిస్మం వరసలోనే కూర్చుంటారు కాబట్టి, ఆనాటి నుంచీ పక్కపక్కనే. ప్రభువు బల్ల రోజున రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాక ఇద్దరిద్దరుగా ఒకరి కాళ్ళొకరు కడగాలి. మగాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. పక్కన కూర్చున్నవాళ్ళే జత. పంతొమ్మిదేళ్ళు సలోమా కాళ్ళు లిడియాన్ కడిగింది, లిడియాన్ కాళ్ళు సలోమా కడిగింది. ఏడాదికి రెండుసార్లు. ఇంకొకరి చేతులు సలోమా పాదాలకి తగిలి ఎరగవు.

లిడియాన్ మొగుడు ఓజియస్ కారు వైపు వెళ్ళాడు. మొగుడితో పాటు లిడియాన్ వెళ్ళింది.

ఓజియస్ మొదటిసారి కారుని మా వాకిట్లోకి తెచ్చిన రోజున నేను నోరు కట్టేసుకుని ఉండాల్సింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని విత్తనానికి దాచిన ఎండు బఠాణీలు వలుస్తున్నారు. నేను కారు చుట్టూ మూడుసార్లు తిరిగాను, సంతలో గుర్రాన్ని చూసినట్టు.

"ఏమోయ్ ఓజియస్, పళ్ళు చూపించమను, వయసు చెబుతాను."

"నీ నోటికున్నంత వయసు లేదులే అన్నా," అన్నాడు నవ్వుతూనే.

"నల్లరంగు పూసి మంచిపని చేశావు. మరి బాప్తిస్మం ఎప్పుడిస్తున్నారు దీనికి? ముంచి ఇస్తారా, పోసి ఇస్తారా?"

నవ్వుతాడనుకున్నాను. ఓజియస్ నాలాంటివాడు కాదు, భక్తి ఉన్నవాడు. అతని ముఖం మీద నవ్వు అలాగే నిలబడి చల్లారిపోయింది. "లిడియాన్, పద," అన్నాడు. లిడియాన్ లేచి, ఒళ్ళోని బఠాణీలన్నీ సలోమా ఒళ్ళో పోసింది. వలిచినవీ వలవనివీ కలిసిపోయాయి. కారు వెళ్ళిపోయాక సలోమా చీకటిపడేదాకా వాటిని విడదీస్తూ కూర్చుంది.

తర్వాత ఓజియస్ మా ఇంటికి రావడం మానేశాడు. మాకు కారు లేదు, వాళ్ళకి గుర్రం లేదు, మధ్యలో నాలుగు మైళ్ళు. నాలుగు మైళ్ళు ఒక దూరమా అంటే కాదు. పని ఉన్న ఇళ్ళలో ఆడవాళ్ళకి కారణం లేకుండా నాలుగు మైళ్ళు చాలా దూరం.

మొదట్లో ఒక సంగతి జరిగేది. మా ఆదివారం నాడు సలోమా తన చోట కూర్చుని ముందు బెంచీ వెనక పుస్తకాల అరలో చెయ్యి పెడితే, కాగితంలో చుట్టిన పిప్పరమెంటు బిళ్ళ ఉండేది. అంతకు ముందు వారం లిడియాన్ వదిలిపెట్టింది. సలోమా కూడా లేచేముందు ఒకటి అక్కడ పెట్టి వచ్చేది. మే నెలంతా నడిచింది, జూన్ కొంత నడిచింది. జులైలో ఒక ఆదివారం ఆమె చెయ్యి పెట్టి తీసినప్పుడు నేను మగాళ్ళ వైపు నుంచి చూస్తున్నాను. తను పెట్టిన బిళ్ళే ఆమె చేతికి మళ్ళీ వచ్చింది.

ఆగస్టులో నూర్పిళ్ళు వచ్చాయి. మామూలుగా మా చుట్టుపక్కల ఇరవై ఇద్దరం కలిసి ఒక్కో పొలం నూర్చుకుంటూ పోతాం. ఎవరి పొలంలో మిషను నిలబడితే ఆ ఇంటి ఆడవాళ్ళు అందరికీ వండిపెట్టాలి. ఆ ఏడు ఇరవై ఇద్దరం పదకొండు మందిమయ్యాం. సలోమా మాత్రం పాత అలవాటున ఇరవై ఇద్దరికీ ఆపిల్ పైలు చేసింది. చూసి, "ఏం ఫరవాలేదు, అమ్సీ కడుపు ఒక్కటే ఆరుగురి పెట్టు," అన్నారెవరో నన్ను చూపించి. నేను నా టోపీ కథ మొదలుపెట్టాను. సగం బల్ల నవ్వింది, సగం బల్ల ఖాళీ.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి ఆమె కనిపించింది. బంగాళాదుంపల గిన్నె నింపి, తలతిప్పకుండానే కుడిపక్కకి చాచింది. ఏటేటా ఆ పక్కన నిలబడి గిన్నెలు అందుకుని బల్ల మీదికి తెచ్చేది లిడియాన్. గిన్నె అలా గాల్లో కాసేపు ఉంది. తర్వాత తనే తెచ్చి పెట్టింది. నా కథలో గాలి అప్పుడే టోపీని తిరిగి తెస్తోంది. ఎందుకో ఆపేశాను.

అక్టోబరు మొదటి ఆదివారం మాట అడిగే రోజు. ప్రభువు బల్లకి రెండు వారాల ముందు మా దగ్గర ప్రతి మనిషినీ అడుగుతారు, దేవుడితోనూ తోటివాళ్ళతోనూ శాంతి సమాధానాలతో ఉన్నావా, పగలేమీ లేవా అని. సంఘం పనులు చూసే డీకన్ బెంచీ బెంచీకీ వచ్చి వంగి వింటాడు. ముందు మగాళ్ళని, తర్వాత ఆడవాళ్ళని. అందరిదీ ఒకటే జవాబు: "నాకు సమాధానమే. బల్లకి వస్తాను." మేము కోర్టుకెళ్ళినా ప్రమాణం చెయ్యం. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించి మాకు మాట లేదు. అయినా ఈ జవాబు మాత్రం తుమ్మినవాడికి దీవెన చెప్పినట్టు చెప్పేస్తాం. నేనూ అలాగే చెప్పాను.

డీకన్ యూరియస్ ఆడవాళ్ళ వైపు వెళ్ళాడు. ఆయనకి ఎడం చెవి వినపడదు, కుడి చెవి ఆయనకిష్టమైనప్పుడు వినపడుతుంది. సలోమా దగ్గర ఆగాడు. ఆగినవాడు కదలడం లేదు.

"ఏంటమ్మా?"

"లేదన్నాను."

"ఏం లేదు?"

"సమాధానం లేదు, యూరియస్. నాకు లేదు."

 యూరియస్ కళ్ళు బిషప్పు వైపు తిరిగాయి. లియాండర్ లేచి నిలబడి, ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు, మెల్లిగా అడిగాడు: "ఎవరితో అమ్మా?"

"ఎవరో ఒక్కరితో అయితే వెళ్ళి మాట్లాడుకునేదాన్ని." ఆమె లేచి, వంగి తన పక్కన బెంచీ మీద అరచెయ్యి ఆనించింది. లిడియాన్ వెళ్ళాక అక్కడికి ఎవరూ జరగలేదు, అలవాటు మీద అలాగే వదిలేశారు. "మనందరం సమాధానంగా ఉంటే ఈ చోటెందుకు ఖాళీగా ఉంది? సగం మందిని పంపేసి, మిగిలిన సగం కూర్చుని ఎవరితోనూ పగల్లేవంటున్నాం. నేనా మాట అనలేను."

అంతే అంది. కూర్చుంది. మా దగ్గర ఒక్క గొంతు తగ్గినా బల్ల ఆగుతుంది. లియాండర్ కళ్ళద్దాలు తుడుచుకుని, రెండు వారాల తర్వాత మళ్ళీ అడుగుతామని చెప్పి కీర్తన ఎత్తమన్నాడు. ఎత్తాల్సింది నేనే. రెండుసార్లు తప్పు రాగం ఎత్తాను.

ఆ పదమూడు రోజుల్లో మా ఇంటికి వచ్చినంతమంది ఇంకెప్పుడూ రాలేదు. అంత పెద్ద మాట వెనక ఏదో చిన్న కారణం ఉండే ఉంటుందని ఊరంతా నమ్మింది. ఆ చిన్న కారణం తామేనేమోనని ఎవరికి వాళ్ళకి గుబులు.

ముందు బార్బరా హోర్స్ట్ వచ్చింది. ఎనిమిదేళ్ళ క్రితం మా కిటికీలో జెరేనియం పూలమొక్క కొమ్మ అడక్కుండా తుంచుకుపోయిందట. "నిద్రపట్టడం లేదు సలోమా. ఇప్పుడది మా ఇంట్లో పంతొమ్మిది కుండీలయింది. అన్నీ తెచ్చేశాను, బండిలో ఉన్నాయి." తర్వాత మెనో బామన్, టోపీ చేతిలో తిప్పుకుంటూ: "ఆ ఏడు మీ క్యాబేజీలు జింకలు తిన్నాయన్నాను చూడు... జింకలు కావు. మా పెయ్య." తర్వాత మా పిన్ని, ఎనభై ఏళ్ళది, సలోమా పెళ్ళిలో సూపు చప్పగా ఉందని వెనకాల అన్నానని ఏడ్చింది.

"చప్పగానే ఉంది పిన్నీ," అంది సలోమా. అందరికీ కాఫీ పోసింది, అందరినీ క్షమించింది, అందరికీ ఒకటే మాట చెప్పింది: "అది కాదు."

నాకు ఆ వారం పండగే. ఊరి పాపాలన్నీ కాళ్ళతో నడిచి మా వంటింట్లోకొచ్చి కూర్చుంటుంటే, నేను మూల కుర్చీలో పైపు ముట్టించుకుని వినేవాణ్ణి. ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక, నా వంతు కూడా తీర్చుకుందామని, "కారు బాప్తిస్మం మాట నాది," అన్నాను.

"నాకు తెలుసు. పక్కనే ఉన్నాగా."

"అదేనా మరి?"

"అదీ కాదు అమ్సీ." కాఫీ కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టింది. "ఇంతమంది వచ్చారు. ఒక్కరైనా నేనన్న మాట గురించి మాట్లాడతారేమోనని చూస్తున్నాను."

అప్పుడు నేను మాట్లాడాల్సింది. జెరేనియం కుండీలు ఎక్కడ పెట్టాలని అడిగాను.

రెండో వారం జనం రావడం ఆగిపోయింది. చెప్పుకోవాల్సినవన్నీ చెప్పుకున్నా ఆమె మెత్తబడకపోయేసరికి, గుబులు కాస్తా విసుగయింది. ఆపిల్ పాకం కాచే రోజున ఎప్పుడూ నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి వంతులేసుకుని కలుపుతారు. పెద్ద రాగి కాగు, కింద మంట, పొద్దున్నించి సాయంత్రం దాకా తెడ్డు ఆపకూడదు, ఆపితే అడుగంటుతుంది. ఆ ఏడు ఎవరూ రాలేదు. సలోమా ఒక్కతే వాకిట్లో నిలబడి కలుపుతోంది. నేను కొంచెం అవతల కట్టెలు కొడుతున్నాను.

మా పెద్దమ్మాయి లూసిండా వచ్చి కాగు ఇవతల నిలబడింది. దానికి వెబర్ల కుర్రాడితో పెళ్ళి కుదిరింది. మా దగ్గర ప్రభువు బల్ల అయ్యాకే పెళ్ళిళ్ళు చాటుతారు. బల్ల లేకపోతే చాటింపు లేదు, చాటింపు లేకపోతే నవంబరు పెళ్ళి లేదు.

"అమ్మా, తెడ్డు నాకియ్యి."

"నువ్వెళ్ళి రొట్టెల సంగతి చూడు. ఇది నేను చూసుకుంటా."

"అన్నీ నువ్వే చూసుకుంటావ్." లూసిండా గొంతు అప్పటికే తడిగా ఉంది. "వెబర్ల అత్త మొన్న నాతో ఏమందో తెలుసా? మీ అమ్మకి ఆరోగ్యం బాగుంటోందా అంది. అందరూ అదే అడుగుతున్నారు. ఒక్క మాట అమ్మా. ఉంది అంటే సరిపోయేదానికి."

"ఒక్క మాటే."

"మరి?"

"మనకున్నది ఆ ఒక్క మాటే కదే లూసీ. అది కూడా అబద్ధం ఆడి నీ పెళ్ళి చెయ్యమంటావా?"

"లిడియాన్ పిన్ని లేకుండా మాత్రం నా పెళ్ళి చేస్తావా?" అంది లూసిండా, అనేసి ఏడుస్తూ ఇంట్లోకి పరిగెత్తింది. పిల్ల కోపంతో అన్నా, తల్లి మనసులో ఉన్నదే అంది. సలోమా తెడ్డు ఆపలేదు. పొగ ఎటు తిరిగితే అటు ముఖం తిప్పుకుంటూ కలిపింది. నేను అవసరమైనదాని కన్నా చాలా ఎక్కువ కట్టెలు కొట్టాను.

గురువారం నాడు లియాండర్ ఒక్కడే వచ్చాడు. ముసలాయన బండి దిగడానికే ఐదు నిమిషాలు పట్టింది.

"ఏం చేస్తే నీకు సమాధానం అమ్మా?" సూటిగా అడిగాడు. అడిగినవాడు ఆయనొక్కడే.

"లిడియాన్‌ని ఒక్కసారి మన ఆదివారం రానివ్వండి. లేదా నన్ను వాళ్ళ ఆదివారం వెళ్ళనివ్వండి. దాని కాళ్ళు కడిగి వచ్చేస్తాను. అంతే."

లియాండర్ చాలాసేపు బల్ల మీది గుడ్డ అంచు మడతపెడుతూ విప్పుతూ కూర్చున్నాడు. "నా పెద్దకొడుకు అటే ఉన్నాడు సలోమా," అన్నాడు. "నీకొక్కదానికి తలుపు తీస్తే, ముందు నేనే దూరిపోతాను. అందుకే తియ్యలేను." లేచేముందు ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. మా ఆడవాళ్ళు పెట్టుకునే తెల్ల టోపీ నలుగుతుందని సలోమా ఎవరినీ అక్కడ చెయ్యి పెట్టనివ్వదు. ఆయన్ని పెట్టనిచ్చింది.

శనివారం మధ్యాహ్నం నేను దాణా మిల్లుకి వెళ్ళాను. అక్కడ నల్లకారు ఆగి ఉంది. ఓజియస్ బస్తా భుజాన వేసుకుని వస్తున్నాడు. ఏప్రిల్ తర్వాత ముఖాముఖీ చూడడం అదే.

"ఏం అన్నా, మీ మందిరానికి తాళం పడిందట," అన్నాడు.

"తాళం కాదు, బొల్టు. మా ఆవిడ లోపల్నుంచి వేసింది."

ఇద్దరం కొంచెం నవ్వాం. కొంచెమే. అతను బస్తా దించి చేతులు దులుపుకున్నాడు. "మాది పోయిన ఆదివారం అడిగారు. అందరూ మాట ఇచ్చేశారు."

"లిడియాన్?"

"ఇచ్చింది." నా వైపు చూడకుండా అన్నాడు. "నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది, మీ ఇంటి గాలి మా ఇంటికి తగులుతుందేమోనని. చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఆగను కూడా ఆగలేదన్నా. పక్కావిడ నోరు విప్పేలోగానే అనేసింది."

"మంచిది," అన్నాను. 

ఇంటికి వచ్చేసరికి సలోమా పెరటి మెట్ల మీద నిలబడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటోంది. నేను గుర్రాన్ని విప్పుతుంటే కొట్టం దాకా వచ్చింది. ఎప్పుడూ రాదు.

"ఓజియస్ కనిపించాడా?"

"కనిపించాడు."

"వాళ్ళకి అడగడం అయిందా?"

"అయింది."

 అక్కడే నిలబడి ఉంది. కాగు పొగకి ఎర్రబడ్డ కళ్ళు ఇంకా తేరుకోక, బుగ్గలు లోపలికి పోయి, గుర్రం మెడ మీద చెయ్యి వేసుకుని, నా నోటి వైపు చూస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా జనం నా నోటి వైపు చూస్తుంటే ఏం చెయ్యాలో నాకు తెలుసు.

"వాళ్ళకీ ఆగిపోయిందట," అన్నాను. "ఒకావిడ లేదందట."

నేను ముందే చెప్పిన అబద్ధం ఇదే.

"ఎవరు?" అంది. 

"ఎవరైతే ఏం? నీ చెల్లెలే."

సలోమా ఎండుగడ్డి మోపు మీద కూర్చుండిపోయింది. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో పగటిపూట ఊరికే కూర్చున్న సలోమాని నేను చూడలేదు. ఏప్రన్ కొసతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాను. తీస్తే నవ్వుతోంది. "నాకు తెలుసు," అంది. "పిప్పరమెంటు పెట్టకపోతే ఏం? దానికి గుర్తుండదు, చిన్నప్పట్నించీ మతిమరుపే. కానీ నాకు తెలుసు." సాయంత్రం రెండు చెంచాలు ఎక్కువ తింది. గిన్నెలు కడుగుతూ కీర్తన పాడింది. లూసిండా నా వైపు చూసి కళ్ళతోనే ఏమైందని అడిగింది. నేను జెరేనియం కుండీలకి నీళ్ళు పోస్తూ కూర్చున్నాను.

నేను చెప్పినవన్నీ జనం నవ్వడానికి చెప్పాను. ఒక మనిషి ఒంటరిగా ఉండకూడదని చెప్పింది అదొక్కటే. అదే నిలవదని నాకు తెలుసు. లిడియాన్ ఎదురైతే ఒక్క పూటలో తేలిపోతుంది. అయినా ఆలోపు బల్ల జరుగుతుంది, పిల్ల పెళ్ళి జరుగుతుంది, ఆమె కాస్త తింటుంది అనుకున్నాను.

ఆదివారం తెల్లగా మంచు కురిసింది, ఆ ఏడు మొదటిది. మందిరంలో పొయ్యి రాజేశారు. లియాండర్ వాక్యం చదివాడు, ఏం చదివాడో నాకు గుర్తు లేదు. యూరియస్ మగాళ్ళ వైపు నుంచి మొదలుపెట్టాడు. "సమాధానమే. బల్లకి వస్తాను." "సమాధానమే. బల్లకి వస్తాను." మెనో అన్నాడు, వెబర్లు అన్నారు. నడవా అవతల సలోమా వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ఈ రోజు ఆమె ఉందంటుందని నాకు తెలుసు. ఎవరి మీద ఆనుకుని అంటుందో కూడా తెలుసు.

యూరియస్ మంచి చెవి నా వైపు వంచాడు. "అమ్సీ?"

ఆ రెండు మాటలూ నేను నలభైసార్లు అని ఉంటాను. నాలుక దగ్గరికి వచ్చాయి, అక్కడే ఆగాయి.

"లేదు," అన్నాను.

వెనకెవరో కిసుక్కున నవ్వారు. నేను కదా. ఏదో కథ మొదలుపెట్టాననుకున్నారు. యూరియస్ కూడా, "అమ్సీ, ఇది నూర్పిళ్ళ భోజనం కాదు," అన్నాడు.

"లేదు యూరియస్. నాకు సమాధానం లేదు."

"ఎవరితో?"

"నా భార్యతో. నిన్న ఆమెకి ఒక మాట చెప్పాను. అది జరగలేదు."

నవ్వినవాడు దగ్గాడు. నేను తల ఎత్తలేదు. నా బూట్ల మీద కరిగిన మంచు నేల చెక్కల మీద చిన్న మడుగు కట్టింది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆమెకి అర్థమై ఉంటుంది. నిన్న మేమిద్దరం మాట్లాడుకున్న మాట ఒక్కటే. యూరియస్ మిగతా మగాళ్ళని అడిగాడు, నడవా దాటాడు, ఆడవాళ్ళని ఒక్కొక్కరినే అడుగుతూ వచ్చాడు. ఆయన బూట్ల చప్పుడు ఆమె దగ్గర ఆగింది.

 పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది.

"నాకు సమాధానమే," అంది సలోమా. "బల్లకి వస్తాను."

కూడిక అయ్యాక యూరియస్ నన్ను బండ్ల కొట్టం దగ్గర ఆపాడు. "నీది నీ ఇంట్లోది. బల్ల రోజు లోగా తీర్చుకుని రా," అన్నాడు. "బల్ల జరుగుతుంది." లూసిండా చెల్లెళ్ళనీ తమ్ముళ్ళనీ వెబర్ల బండిలో ఎక్కించుకుని ముందే వెళ్ళిపోయింది. వెళుతూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది, ఎవరికి ఊపిందో తెలియదు.

మేమిద్దరం మంచులో బయల్దేరాం. మోకాళ్ళ మీద ఒకటే దుప్పటి. గుర్రం డెక్కలు కూడా చప్పుడు చెయ్యడం లేదు. మిల్లు మలుపు దాకా ఓర్చుకున్నాను. నాకు మాట్లాడకుండా ఉండడం రాదు.

"నువ్వెందుకు ఉందన్నావు?"

"నువ్వు లేదన్నావుగా."

"అయితే?"

"ఇన్నాళ్ళూ ఆ మాట నేనొక్కదాన్నే మోశాను. ఇంకొక్కరంటే చాలనుకున్నాను. అన్నారు."

"నేనన్నది వేరే సంగతి గురించి, సలోమా."

"తెలుసు. అయినా అన్నావు. అంతమందిలో." దుప్పటి అంచు సరిచేసింది. "నీ మీద కోపం ఉంది. అది ఇంటికెళ్ళాక."

"మరి యూరియస్‌కి చెప్పింది నిజమేనా?"

"చెప్పిన నిమిషానికి నిజమే."

దూరంగా ఏరు కనిపించింది, రెండు తెల్ల గట్ల మధ్య నల్లగా. ఆమె అటే చూస్తూ అడిగింది.

"లిడియాన్ ఇచ్చేసిందన్నమాట."

"ఇచ్చేసింది."

"ఆగిందా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"చెప్పేముందు. కొంచెమైనా ఆగిందా అని."

అక్కడ నా నోట్లోకి కథ వచ్చేసింది. అడగ్గానే వచ్చేసింది, అలవాటు కదా: ఆగిందట, గొంతు తడబడిందట, పక్కావిడ మోచేత్తో పొడిస్తే గానీ అనలేకపోయిందట. ఎంత బాగుందంటే నేనే నమ్మేసేవాణ్ణి. గుర్రం వంతెన ఎక్కుతోంది.

"లేదు," అన్నాను. "ఆగలేదట. పక్కావిడ నోరు విప్పేలోగానే అనేసిందట."

సలోమా తల ఊపింది. వంతెన చెక్కల మీద చక్రాలు దడదడలాడాయి.

"దాని పద్ధతే అంత," అంది తర్వాత. "చిన్నప్పుడు ఏట్లో దిగమంటే నేను ఒడ్డున కాలివేళ్ళు ముంచుకుంటూ గంటసేపు నిలబడేదాన్ని. అది మాత్రం కళ్ళు మూసుకుని ఒక్కసారే దూకేసేది. చన్నీళ్ళంటే దానికి నాకన్నా భయం."